గూడుబండి మీది తారు గుడ్డ

మొన్న వాన మొదలైన పూట మా వీధిలో ఉప్పు దించే వాళ్లు బండి మీద కప్పిన తారు గుడ్డను లాగి అరుగు మీద పడేశారు. తడిసిన తారు, నార, లోపల మగ్గిన గోనె సంచులు కలిసిన ఆ వాసన తగలగానే బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టేశాను. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా బాపు అట్లాంటి గుడ్డనే ఎంతో మురిపెంగా ఇంటికి తెచ్చాడు.

మాది సిరోంచలో ఉప్పు, పసుపు, గాజులు అమ్ముకునే ఇల్లు. దసరా దాటగానే గూడుబండి కట్టుకుని ఇంద్రావతి దిక్కు అడవి ఊళ్లకు బయలుదేరితే మళ్లీ మృగశిర కార్తె ముందరే తిరిగి వచ్చేవాళ్లం. ఆ ఎనిమిది నెలలూ బండే ఇల్లు. వెదురు బద్దలు వంచి తడకలు అల్లిన గూడు, లోపల మందంగా పరిచిన గడ్డి, దాని మీద బొంత, ఒక మూలకు గాజులు పేర్చి కట్టిన మలారం, వెనక వేలాడే నీళ్ల సొరకాయబుర్ర. ఎడ్లను విప్పిన చోట అమ్మ మూడు రాళ్లు పెట్టి జొన్న గటక వండేది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆ తీపి వాసనకే మెలకువ వచ్చేది. గోండు పిల్లలతో కలిసి తునికిపండ్లు ఏరుకొని, ఒడి నిండా నింపుకొని, నోరు వగరెక్కేదాకా తినేవాళ్లం.

వానాకాలంలో బండి ఇంటి వెనక ఖాళీ జాగలో ఉండేది. ఇంట్లో పట్టేంత చిన్నది కాదు. నాయినమ్మ ఏటా దాని మీద ఎత్తుగా పందిరి వేయించి టేకు ఆకు కప్పించేది. పక్కలు మాత్రం తెరిచే ఉంచేది. చక్రాల కింద రాళ్లు పెట్టించేది, ఎండ పొడ కనిపిస్తే తడకలు ఎత్తి గాలి ఆడనిచ్చేది. చుట్టూ వాన ధారలు కడుతుంటే మేము బండి కింద పొడి మట్టిలో గచ్చకాయలు ఆడుకునేవాళ్లం.

అప్పట్లో గోదావరిలో పడవల దారి కోసం తెల్లదొరలు పని చేయిస్తున్నారు. అక్కడి పనివాళ్లకు ఉప్పు ఇచ్చి బాపు ఆ తారు గుడ్డను తెచ్చాడు. బండి మొత్తానికి చుట్టి, అడుగున తాళ్లతో బిగించి కట్టాడు.

"గిట్ల మూతి కట్టినట్టు కడితె ఎట్ల కొడుకా? కట్టెకు గాలి ఆడాలె," అంది నాయినమ్మ.

"చుక్క నీళ్లు దిగయి అవ్వా. ఇగ పందిరి పరేషాన్ ఎందుకు?" అన్నాడు బాపు.

నడుమ రెండు మూడు సార్లు ఎండ కాసింది. అమ్మ తాళ్లు వదులు చేయబోతే బాపు వద్దన్నాడు. గుడ్డ మీద నీళ్లు నిలవకుండా జారిపోవడం చూసి ఆయన ప్రతి వానకూ సంతోషపడేవాడు.

సద్దుల బతుకమ్మ మరునాడు, మా చేతులకు ఇంకా మలీద ముద్దల బెల్లం జిగట ఉండగానే, గుడ్డ విప్పాడు. పైన ఎక్కడా వాన తడి లేదు. లోపల మాత్రం తడకల మీద తెల్లగా బూజు, గడ్డి నల్లబడి ముద్దకట్టింది. నేలలోంచి ఎగసిన చెమ్మ బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచిపోయింది. నాయినమ్మ కొడవలి తెచ్చి, కాడికీ ఇరుసుకూ నడుమ ఉండే పొడుగు నొగను దాని మొనతో పొడిచింది. ఉడికిన గడ్డలో దిగినట్టు దిగింది.

బాపు మొహం చిన్నబోయింది. ఊళ్లో వడ్రంగితో కొత్త నొగ చెక్కించాలంటే పదిహేను రోజులు పడుతుంది, అంతలో తక్కిన వ్యాపారులు ఊళ్లన్నీ తిరిగేస్తారు. నూనె పూసి, తాడు చుట్టి, "ఆగుతది" అన్నాడు. అమ్మకు అప్పుడు అయిదో నెల.

"నువ్వు తోలుకో. కోడలు ఎక్కది, పిల్ల ఎక్కది," అంది నాయినమ్మ.

అమ్మ ఇద్దరి మొహాలూ చూసి, "నేను నడుస్త అత్తా," అని నా చెయ్యి పట్టుకుంది. అట్లా మూడు రోజులు నాయినమ్మతో కలిసి బండి వెనక నడిచాం. నా కాళ్లు బొబ్బలెక్కాయి, బాపు మీద కోపం వచ్చింది.

నాలుగో రోజు పాతగూడెం ఇవతలి వాగులో దిగుతుండగా నొగ పటుక్కుమని విరిగింది. గూడు ఒక పక్కకు ఒరిగి రాళ్ల మీద నలిగింది. ఎప్పుడూ అమ్మ కూర్చునే పక్కే అది. ఎడ్లు కాడి తాళ్లు తెంపుకొని ఒడ్డెక్కాయి. ఉప్పు సంచులు చూస్తుండగానే కరిగిపోయాయి. బాపు మోకాలి లోతు నీళ్లలో నిలబడి నలిగిన గూటినీ, ఒడ్డున ఉన్న అమ్మనూ మార్చి మార్చి చూశాడు.

నాయినమ్మ ఏమంటుందోనని నేను భయపడ్డాను. ఆమె గాజుల మలారం నీళ్లలోంచి తీసి ఒడ్డున పెట్టి, "జర ఎడ్లను పట్టు పో కొడుకా, అడవిల పడ్డయంటె దొరకయి," అని మాత్రం అంది. తర్వాత గోండు ఊళ్లోకి వెళ్లి వాళ్ల మాటలోనే సాయం అడిగింది. నలుగురు వచ్చి టేకు నరికి, అయిదు రోజుల్లో నొగ చెక్కి, గూడు సరిచేసి ఇచ్చారు. మాఘమాసంలో ఆ బండిలోనే మా తమ్ముడు పుట్టాడు.

ఆ మరుసటి వానాకాలం బాపు ఎవరూ చెప్పకుండానే గుంజలు పాతాడు. తారు గుడ్డను పందిరికి కప్పుగా పరిచాడు, బండిని తాకకుండా, నాలుగు పక్కలా తెరిచి. కట్టడం అయ్యాక నాయినమ్మను పిలిచాడు.

"ఇంత ఎత్తు చాలునా అవ్వా?"

ఆమె చుట్టూ తిరిగి చూసింది. "జర లేపు. టేకు ఆకుకంటె గీ గుడ్డనే నయం," అంది. వాళ్లిద్దరి మధ్య ఆ సంగతి మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా జాగలో గోడలు లేచాయి. గూడుబండి అల్లే మనిషి చుట్టుపక్కల ఎక్కడా లేడు. జంగలాత్ వాళ్ల చిట్టీ లేకుండా అడవిలో ఒక్క కొమ్మ కూడా నరకలేరు. మా వాళ్లు సరుకును కిరాయి బండికి ఎక్కించి, చీకటి పడేలోపు ఇల్లు చేరుతున్నారు.

మొన్న ఈ కథంతా విని మనవరాలు, "మరి మీ ఇల్లు ఏ ఊర్ల ఉండె?" అని అడిగింది. సిరోంచ అని చెప్పాను. ఏడాదిలో నాలుగు నెలలకే ఆ మాట నిజం.