ఎండకు పెట్టిన గొంతు

కరెంటు పోయి ఫ్యాన్ ఆగిందంటే జకరయ్య చేతిలో పని కింద పెట్టేస్తాడు. ఆ నిశ్శబ్దంలో డాబా మీద ఎవరో దుప్పటి దులిపి పరుస్తున్న చప్పుడు వస్తుంది. భార్య ఎలిశిబా పోయి పదకొండు నెలలైంది. మొదట్లో మెట్లెక్కి చూసి వచ్చేవాడు. ఖాళీ తీగ, దానికి రెండు క్లిప్పులు, అంతే. ఇప్పుడు ఎక్కడం మానేశాడు. ఎక్కి చూస్తే ఆమె ఉండదు, ఎక్కకపోతే ఉందనుకోవచ్చు.

మెదక్‌లో చర్చి గంట వినబడే ఆ గల్లీలో ఆయన్ను ఇప్పటికీ మైక్‌సెట్ జకరయ్య అనే పిలుస్తారు. ఒకప్పుడు శివ్వంపేట నుంచి శంకరంపేట దాకా పెళ్లికైనా చావుకైనా ఆయన రికార్డులే మోగేవి. పనిలో మొనగాడే గానీ కోపం ముక్కు మీద ఉండేది. తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి రోజే ఒక మాట చెప్పేవాడు.

"ప్లేయర్ మోగకపోతే ఆగమాగం కాకు. ఆర్మ్ కొసకు వైరుంటది గదా, దానికి ముందుగాల వేలు పెట్టి సూడు. స్పీకర్ గుంయ్ మన్నదా, వైరు మంచిదే, కార్ట్రిడ్జ్ ఖరాబైనట్టు. సప్పుడే లేదా, కార్ట్రిడ్జ్ జోలికి పోకు, వైరు సూడు."

కార్ట్రిడ్జ్ అంటే ప్లేయర్ చేతిలాంటి ఆర్మ్ కొసకు ఉండి, రికార్డు మీద నడిచే సూదిని పట్టుకుని, దాని వణుకును పాటగా మార్చే చిన్న పెట్టె. బొటనవేలి గోరంత ఉంటుంది. అలాంటివి నాలుగు ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన ఇనుప ట్రంకులో పడి ఉన్నాయి. వాటి పక్కనే ఒక చిన్న రికార్డు. పెళ్లయిన ఏడాది చర్చి ఆడవాళ్లంతా సికింద్రాబాద్ వెళ్లి నాలుగు కీర్తనలు పాడి వచ్చారు. మూడు అందరూ కలిసి పాడినవి. నాలుగోది ఎలిశిబా ఒక్కతే పాడింది.

వచ్చే నెల ఆమె జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు ఆ పాట మోగాలని జకరయ్య పట్టుపట్టాడు. కూతురు ఫేబకు కూడా చెప్పలేదు. చెబితే ఇన్నాళ్లూ ఎందుకు మోగలేదని అడుగుతుంది.

ఎందుకంటే, దాని వెనక తొంభై ఏడు మే నెలలోని ఒక సాయంత్రం ఉంది. మర్నాడు చేగుంటలో పెళ్లి. అకాల వానలకు కార్ట్రిడ్జ్‌లకు తేమ పట్టింది, మొద్దుగా మోగుతున్నాయని అంతకు ముందు ఆయనే ఇంట్లో సణిగాడు. తేమకు ఎలిశిబాకు తెలిసిన వైద్యం ఒక్కటే. కందిపప్పైనా, పరుపైనా, మిరపకాయలైనా డాబా మీద దుప్పటి పరిచి ఎండబెట్టడం. ఆ రోజు మిరపకాయల పక్కన ఈ నాలుగింటినీ పెట్టింది. సాయంత్రం ఆయన వాటిని ఒకదాని తర్వాత ఒకటి బిగించి చూశాడు. ఒక్కటీ మోగలేదు.

"ఏడ పెట్టినవే వీటిని?"

"తేమ పట్టిందంటిరి గదా. జర ఎండకు పెట్టిన."

పాత రకం కార్ట్రిడ్జ్‌ల లోపల ఉప్పు గడ్డలాంటి పలుకు ఉంటుంది. ఎండ తగిలితే చస్తుంది. ఇవి ఆ రకమేనని, హైదరాబాద్‌లో కొన్నప్పుడు ఎవరో అన్న మాట ఆయనకు గుర్తొచ్చింది. వాకిట్లో ఇరుగుపొరుగు నిలబడి చూస్తుండగా అరిచాడు.

"నీ పాట గూడ వీటితోనే మోగాలె. నీ గొంతు నువ్వే ఎండకు పెట్టి సంపుకున్నవ్. ఇగ నీ నోట్లకెల్లి పాట ఇననియ్యకు నాకు."

ఆమె మళ్లీ ఎప్పుడూ వినిపించలేదు. మిరపకాయలు ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ ఆదివారం నుంచి చర్చిలో కీర్తనల పుస్తకం తెరిచి పెదవులు మాత్రం కదిపేది. ఎందుకు పాడుతలేవని ఎవరైనా అడిగితే గొంతు బాగలేదక్కా అనేది. వెనక వరుసలో కూర్చున్న జకరయ్య ఆ మాట విని కూడా విననట్టే ఉండేవాడు. అప్పటికి ఫేబకు మూడేళ్లు. కోపం వారంలో చల్లారింది. కానీ తగ్గి మాట్లాడటం మగతనం కాదనుకున్నాడు. చేగుంట పెళ్లి నుంచే పని క్యాసెట్లకు మారింది, ప్లేయర్ అటకెక్కింది, ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు బల్ల మీద తెల్ల కాగితం పరిచి మొదటి కార్ట్రిడ్జ్‌ను బ్లేడుతో విప్పాడు. చచ్చిన పలుకు పిండిలా రాలుతుందనుకున్నాడు. ఏమీ రాలలేదు. లోపల ఉన్నది ఉప్పు పలుకు కాదు, బూడిదరంగు పింగాణీ పట్టీ. ఎండా వానా ఒక్కటే దానికి. మిగతా మూడూ విప్పాడు. అన్నీ అదే రకం.

సూదిని పట్టుకున్న రబ్బరు గట్టిపడి అప్పుడు మోగలేదేమోనని జకరయ్య తనకు తానే సర్దిచెప్పుకోబోయాడు. కానీ రబ్బరు గట్టిపడింది ఈ ఇరవై ఎనిమిదేళ్లలో. అప్పటికవి కొన్న ఏడాది కూడా కాలేదు.

సూది ఊగే చోట రాయిలా మారిన రబ్బరును గీకి తీసి, సైకిల్ వాల్వ్ ట్యూబ్‌లో చిన్న ముక్క కోసి పెట్టాడు. చిలుము పట్టిన పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. సూదిని స్పిరిట్‌తో తుడిచాడు. అటక మీంచి దించిన ప్లేయర్‌కు దాన్ని బిగించి, రికార్డు తిప్పి, సూదిని నాలుగో పాట మీద దించాడు. స్పీకర్ పలకలేదు.

పలికింది సూది. చెవి దగ్గర పెడితే, ఆ సూది మొనలోంచే, దోమంత గొంతుతో ఎలిశిబా పాడుతోంది. ఆమె పాడుతోంది, స్పీకర్ మూగగా ఉంది. స్పీకర్ ఆ సాయంత్రం కూడా అచ్చం ఇలాగే మూగబోయింది.

ఆర్మ్ ఎత్తాడు. కార్ట్రిడ్జ్ ఊడదీసి, వేలిని వైరు కొసకు ఆనించాడు. గుంయ్ మనలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అయినా డాబా మీద దుప్పటి దులిపిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ఆర్మ్ మలుపు దగ్గర వైరు పై తొడుగు బాగానే ఉంది. లోపలి తీగ తెగి ఉంది. నాలుగూ ఒకేసారి మూగబోయింది అందుకే. ఆ రోజు నాలుగు కార్ట్రిడ్జ్‌లు మార్చాడు గానీ వేలు పెట్టి చూడలేదు. అందరికీ నేర్పినవాడు, కోపంలో తనే మరిచాడు. చేసిన తప్పు వైరుది, పడిన శిక్ష ఎలిశిబాది. జకరయ్య బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

తర్వాత లేచి వైరు మార్చాడు. చెయ్యాల్సిన పని పావుగంట కూడా పట్టలేదు.

చేగుంటలో టీచరుగా పనిచేసే ఫేబ, కూడిక పనులు మాట్లాడదామని ఆ సాయంత్రం వచ్చింది. చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే ఆగిపోయింది. స్పీకర్‌లో లేత గొంతు, కొంచెం గరగరతో, పై స్థాయికి పోయి నిలబడి ఉంది. పాట అయ్యేదాకా ఆమె కదల్లేదు.

"మస్తు పాడింది. ఎవరు నాయినా?"

జకరయ్య కూతురి ముఖం వంక చూడలేకపోయాడు.

"మీ అమ్మ."

"అమ్మకు పాడొస్తుండెనా?"

"వస్తుండె బిడ్డా. నేనే బంద్ చేపిచ్చిన."

ఫేబ వంగి, తనకు అలవాటు లేని చేత్తో, సూదిని మెల్లగా ఎత్తి మళ్లీ పాట మొదట్లో పెట్టింది.