ఆది చొక్కా లోపలివైపు

"ఒరేయ్, ఆయన కొన్నది నా కళ్ళతో చూశాను. వెనకాలే నేనూ కొన్నాను. నా తప్పేముందిరా?"

దర్జీ తన ఫోను బావమరిదికి చూపించాడు. తెరమీద అంకెలు ఎర్రబడి దిగిపోతున్నాయి. ఆ క్రిప్టో నాణేల్లో ఉన్నది తన కంటి ఆపరేషన్‌కి దాచుకున్న సొమ్ము. ఒక బడా వ్యాపారి ఖాతా అందరికీ కనబడుతుంది. కొలతకిచ్చిన ఆది చొక్కా చూసి కొత్తది కత్తిరించినట్టే, ఆయన ఏది కొంటే దర్జీ అదే కొన్నాడు.

బావమరిది ఫోను లాక్కుని కాసేపు వెతికాడు.

"ఇక్కడ కొన్నమాట నిజమే బావా. ఇంకో ఖాతాలో ఇదే నాణెం పడిపోతుందని పందెం కూడా కాశాడట. ఆయనకి ఇక్కడ పోయింది అక్కడొస్తుంది. మరి నీకు?"

దర్జీ నుదురు కొట్టుకున్నాడు. "పైవైపే చూసి కత్తెర వేశానన్నమాట. లోపల అస్తరుందేమోనని తిరగేసి చూడలేదు. పనిలో ఏ ఆదినీ అలా నమ్మలేదురా."

"అమ్మేయనా?"

"ఆగాగు, ఆయన అమ్మాడేమో చూడు."

"ఇంకా ఆయనేనా? ఆయన అమ్మింది నీకు తెలిసేసరికి ధర పాతాళంలో ఉంటుంది!"

దర్జీ కళ్ళు చికిలించాడు. తెరమీది అంకె మూడో ఎనిమిదో కంటికి ఆనలేదు. ఈలోగా అంకె మళ్ళీ మారింది.

"నొక్కెయ్."

సగం మిగిలింది. ఆపరేషన్‌కి చాలదు.

"మీ అక్కకి నేనే చెప్పుకుంటాను, నువ్వు నోరు విప్పకు. పోయేముందు ఆ సూదులన్నిటికీ దారం ఎక్కించి పో."