చుక్కలన్నీ ఒకేసారి ఎర్రబడ్డాయి

మా కోడలు ఛత్తీస్‌గఢ్ గనుల ఊరు కిరండూల్‌లో మా ఇంట్లోనే కూర్చుని రాయ్‌పూర్‌లో ఉన్న సర్వర్లకి కాపలా కాస్తుంది. తన కంప్యూటరు నిమిషానికోసారి ఒక్కోదాన్నీ "ఉన్నావా?" అని అడుగుతుందట. పలికితే పచ్చ చుక్క, పలక్కపోతే ఎర్ర చుక్క. ఉద్యోగంలో చేరి ఇంకా నెల కాలేదు, ఉంచుతారో తీసేస్తారోనని నాకు రోజూ బెంగే.

ఈ రోజు పొద్దున్న చుక్కలన్నీ ఒక్కసారే ఎర్రబడ్డాయి. పిల్ల గబగబా ఫోన్ అందుకుంది.

"అత్తయ్యా, అన్నీ పడిపోయాయి! మా ఆఫీసు సాబ్‌కి చెప్పేస్తాను."

"ఆగవే! అన్నీ ఒకేసారి ఎందుకు పోతాయి? మీ ఆయన గనిలో ఉన్నప్పుడు ఫోన్ తగలకపోతే నేనేటి చేస్తాను? ముందు పక్కింటికి చేసి చూస్తాను. అదీ తగలకపోతే పాడైంది నా ఫోనే, వాడికేమీ కాలేదని అప్పుడు అన్నం తింటాను. ముందు మన నెట్ చూడు."

చూస్తే పోయింది మా నెట్టే! రాయ్‌పూర్‌లో తనతో పనిచేసే అమ్మాయికి ఫోన్ చేస్తే, అక్కడ అన్నీ పచ్చగానే ఉన్నాయట.

సాయంత్రం సాబ్‌తో "మా అత్తయ్య కనిపెట్టారు సార్" అని హిందీలో చెప్పింది. ఆ మాత్రం హిందీ నాకూ వచ్చు. ఇకమీదట ఇంకో ఊరి నుంచి కూడా కాపలా పెడతారట.

ఈవిడకి ఊరికే కంగారని నవ్వేవాళ్ళందరూ ఇది చదవండి. చదివినట్టు కింద ఒక్క మాట రాయండి, లేకపోతే మీకేమైందోనని నాకు బెంగ.