పగిలిన గాజులు, చిరిగిన సీరియల్

ఈ రోజు మధ్యాహ్నం అంబాజీపేటలో మా ఇంట్లో రక్తం చిందింది. కారణం పొలం గట్టు కాదు, రాజుల కాలం నాటి ప్రేమ నవల.

మా అత్తగారు ఒకప్పుడు వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, బైండు చేయించి దాచుకున్నారు. ఆవిడ చెల్లెలు, అంటే మా చినత్తగారు, ఇప్పుడన్నీ ఫోన్లోనే చదువుతారు. భోజనాలయ్యాక ఎవరి రచయిత్రి గొప్పో తేల్చుకోవడానికి కూర్చున్నారు.

“మీ రాణికి ఏడవడం తప్ప ఏమొచ్చక్కా? మా రాణి మొదటి ఎపిసోడ్‌లోనే నలుగుర్ని నరికేస్తుంది” అన్నారు చినత్తగారు.

“వారమంతా ఎదురుచూస్తేనే ప్రేమ! నొక్కగానే వచ్చేదీ ఓ కథేనా?” అంటూ అత్తగారు ఆ ఫోను లాక్కుని గోడకేసి కొట్టారు.

చినత్తగారు బైండు పుస్తకాన్ని నిలువునా చీల్చేశారు. అత్తగారు ఆవిడ చెంప పగలగొట్టారు. జుట్లు పట్టుకున్నారు. గాజులు పగిలి ఇద్దరి చేతులూ తెగాయి. విడదీయబోయిన నాకు డొక్కలో మోచేతి పోటు దక్కింది.

సాయంత్రం ఇద్దరూ కట్లు కట్టిన చేతులతోనే, అన్నం మెతుకులు పెట్టి కాగితాలు అతికించడం మొదలుపెట్టారు. ఒక పేజీ దగ్గర చినత్తగారి చెయ్యి ఆగిపోయింది. అందులో రాణి, నిద్రపోతున్న రాజు గుండె మీదికి కత్తి ఎత్తింది. తరువాతి పేజీ అత్తగారి ఒళ్ళో ఉంది.

“అక్కా, పొడిచేసిందా?”

అత్తగారు ఆ కాగితం మడిచి బొడ్డున దోపుకున్నారు.

“వచ్చే వారం చెబుతాను.”

కత్తిపీట అటకెక్కించాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి పాఠకులుంటే, ఈ వారం ఎలా గడపాలో కాస్త చెప్పండి.