రూవి రూములో కెనడా పన్ను

మస్కట్‌లో ఆ రోజుల్లో జీతమంటే చేతికొచ్చిందంతా మనదే, సర్కారుకు అందులో చిల్లిగవ్వ వాటా ఉండేది కాదు. అలాంటి చోట, తొంభైల నడుమ, రూవిలో ఆరుగురం సర్దుకున్న బ్యాచిలర్ రూములో కూర్చుని నేను కెనడా ఆదాయపు పన్నులో పండితుణ్ణయ్యానంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు. మస్కట్ నుంచే టొరంటో వెళ్లిపోయిన మా బావ, అడగ్గా అడగ్గా, అక్కడి పన్ను పుస్తకమూ ఖాళీ ఫారాలూ పంపాడు. నేనూ కెనడాకు అర్జీ పెట్టుకున్నాను మరి! డ్యూటీకి పోయేముందూ వచ్చాకా దాన్ని ఎంత ఇష్టంగా చదివానో, డిగ్రీ అలా చదివి ఉంటే ఫస్టు క్లాసు వచ్చేది (అత్తెసరు మార్కులతో గట్టెక్కాను).

మా ఊరి వరసకు మామ అయ్యే మేస్త్రీ ఒకాయన, వేరే కంపెనీలో పనిచేస్తూ, శుక్రవారాలు మా రూముకు వచ్చేవాడు. కూతుర్ని నాకివ్వాలని ఆయన ఆలోచన. ఆ పిల్లను పెళ్లిళ్లలో రెండుసార్లు చూశాను, రెండుసార్లూ అన్నం సహించలేదు. అందుకే జీతమెంత అని ఆయన అడిగినప్పుడు నూట నలభై రియాళ్లనడానికి నోరు రాక మూడువందల యాభై అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు. ఇక సెలవు మీద ఊరికెళ్లి సంబంధం ఖాయం చేస్తాడనగా, ఆ శుక్రవారం పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"అల్లుడా, గా దేశంల జీతం కోస్తరట గదా! మా పోరికేం మిగుల్తది? జర లెక్క జెయ్."

అడగడమే తడవు, ఫారం తీసి పరిచాను. మూడువందల యాభైని ఏడాదికి పెంచి, డాలర్లలోకి మార్చి వేశాను (అక్కడికి పోతే అక్కడి జీతమే వస్తుందన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు). పన్ను మెట్లలో పైమెట్టెక్కితే మొత్తం జీతం మీద ఎక్కువ పన్ను పడుతుందేమోనని మామ భయం. "గట్ల గాదు మామా, మెట్టు దాటినంత మీదనే ఎక్కువ!" అని ఉత్సాహంగా చెప్పాను. పెద్ద సర్కారు పన్ను తేల్చి, దాని మీద రాష్ట్రం పన్ను కలిపేసరికి ఆయన ముఖం వాడిపోయింది.

"ఆగు మామా, ఇంకా తగ్గింపులున్నయి! సంపాదన లేని భార్య ఉంటే పన్ను తగ్గిస్తరు."

"పెండ్లామున్నందుకు సర్కారు తగ్గిస్తాదా!" అన్నాడు టీ కాస్తున్న మా రూములోని కడప భాయ్. "ఈ ముక్క మా ఇంటామెకు తెలిస్తే నన్ను ఈడ ఉండనీదబ్బా!"

భార్యను వేశాను (పెళ్లి కాకుండానే). పన్ను బాగా దిగింది. అద్దె కట్టేవాళ్లకు రాష్ట్రమిచ్చే తగ్గింపూ వేశాను. ఇంకా దిగింది. నాకు ఒళ్లంతా సంబరం!

"అయినా ఇంకింత కట్టాల్నా?" అన్నాడు మామ దిగులుగా.

"ఏం కట్టద్దు మామా! నా అసలు జీతం నూట నలభైతోని చూస్తే పన్ను సున్నా! ఉల్టా రాష్ట్రమే మనకు పైసలిస్తది!"

అన్నాక తెలిసింది ఏమన్నానో. భాయ్ స్టవ్ ఆపేశాడు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మామ ఫారాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

"నూట నలభై ఖరారేనా? గిందుల ఏం కోతల్లేవు గదా?"

"లేవు మామా," అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. పదిహేను రోజులకు ఊరికెళ్లాడు. నెల దాటినా కబురు లేదు. సంబంధం పోయిందనుకున్నాను, ఎంత పిచ్చి వెధవనని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. చివరికి ఉత్తరం వచ్చింది.

"పోరి ఒప్పుకున్నది. మూడువందల యాభై అని నేను ఉత్తరం రాసిననాడు మాట్లాడకుండ లోపలికి పోయిందట. ఇప్పుడు నూట నలభై అంటే నవ్వింది. గంత జీతమొచ్చెటోడు నన్నేం లెక్క జేస్తడు నాయనా అని భయపడ్డదట."

పోస్టాఫీసు ముందు మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి ఆ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో! జీతం తక్కువని అంతగా మురిసిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కెనడా కాగితాలు మాత్రం రానేలేదు.