తొంగున్న జీడిచెట్టు

ఇదొక మహాగాథ. తుఫాను, కూలిన వనం, రంపానికి ఎదురునిలిచిన వీరమాత, అన్నీ ఉన్నాయి. అని మొదలుపెట్టాను గానీ, నిజానికి ఇది మా అమ్మమ్మ వెళ్లి చెట్టు మీద కూర్చున్న కథ.

ఇవాళ ఇది గుర్తుకురావడానికి కారణం టెక్కలిలో ఒక ప్రైవేటు బడి. టీచరు ఉద్యోగం కావాలంటే "నా జీవితాన్ని నడిపించే నమ్మకాలు" అని సాయంత్రంలోగా వ్యాసం రాసి పంపాలట. బీఎడ్ పూర్తిచేసి పలాసలో ఇంటి అరుగు అరగదీస్తున్న నాకు ఉద్యోగం చాలా అవసరం. నమ్మకాలే లేవు. పలాస స్టేషన్‌కి రైలు వేళకి వస్తుందని కూడా నేను నమ్మను.

అప్పుడు ఉద్దానంలో అమ్మమ్మ తోట తలపుకొచ్చింది. నేను ఇంటర్లో ఉండగా వచ్చిన తుఫానుకి అక్కడి కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. ఇంటికి వెళ్లే దారికి అడ్డంగా పెద్ద జీడిచెట్టు ఒరిగి పడింది. గాలంతా ఉప్పు, పచ్చి కర్ర వాసన. మావ దాన్ని ముక్కలు చేయించడానికి కోతమిషనువాణ్ణి పిలిపించాడు. అమ్మమ్మ వెళ్లి మాను మీద కూర్చుని వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టింది. పోరాటం పేరు చెప్పి వంటపని ఆపడం ఆవిడకి నచ్చదు.

"అమా, దిగే! సచ్చిపోయిన సెట్టుకి కాపలా ఏటి?" అన్నాడు మావ.

"సచ్చిపోనేదురా, తొంగుంది. ఓ యేరు ఇంకా మట్టిలోనే ఉంది, సూడు. నువ్వు పొద్దెక్కినదాకా తొంగుంటావు, నిన్ను కోయించీసినానా?"

మిషనువాడు నవ్వాపుకోలేక మిషను ఆపేశాడు. చెట్టు దారికి అడ్డంగానే మిగిలింది. పడుకునే చిగురేసింది, పడుకునే కాసింది.

ఇంకేం, వ్యాసం దొరికింది! "పడినవాణ్ణి పోయాడనుకోకూడదన్నదే నా నమ్మకం" అని రాసి, నా వాక్యానికి నేనే కళ్లు తుడుచుకుని, అమ్మమ్మకి ఫోన్ చేశాను. ఆ రోజు ఏ నమ్మకంతో కూర్చున్నావని అడిగాను.

"నమ్మకమేటి, గుంటడా? పడిపోయిన సెట్టుకి జీడిపిక్కలు సేతికందుతాయి. దోటి పట్టుకుని పైకి సూడక్కర్నేదు. నా మెడనొప్పి నీకేటి తెలుసు?"

నా వాక్యం కొట్టేశాను. ఆవిడ చెప్పిందే మెడనొప్పితో సహా రాసి పంపాను. అయినా, అంతమందిలో వంగి ఆ వేరు చూసింది ఆవిడొక్కతే. అదీ రాశాను.

బడివాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు. మా అమ్మమ్మ తోటలో కాలం కూడా ఆ చెట్టుదాకా వచ్చి, చుట్టూ తిరిగి, నెమ్మదిగా ముందుకు పోతుంది. మంచినీళ్ల టిన్నుల ఆటో మాత్రం చెట్టుకి అవతలే ఆగిపోతుంది. నేను వెళ్లినప్పుడల్లా టిన్ను ఇంటిదాకా మోసేది నేనే.