మా అత్తను దయ్యం చేశారు

ఈ రోజు మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి వచ్చిన సినిమావాళ్లు తర్లగూడలోని మా టీ కొట్లో ల్యాప్‌టాప్ చార్జింగ్ పెట్టుకున్నారు. దయ్యం సినిమాకు మొదటి సీను తయారైందంటూ డైరెక్టర్ నాకు చూపించాడు.

అడవి బాటలో ఒక ఆడమనిషి గంపతో నడుస్తోంది. కెమెరా ఆమె వెనకాలే మెల్లగా వెళ్తోంది. పక్షుల అరుపులు తీసేసి, అడుగుల చప్పుడు మాత్రమే ఉంచారు. పట్టపగటిని చీకటి చేశారు.

"ముఖం చూపించకపోతేనే జనానికి భయం పుడుతుందక్కా," అన్నాడు గొప్పగా.

ఆ నడక మా అత్తది. నిన్న ఇప్పపూలకు వెళ్తుంటే అడగకుండా తీశారు. నాకు ఒళ్లు మండిపోయింది. లోపలున్న అత్తను పిలిచి చూపించాను.

"ఇదేంది? మొకం జూపకుంటే నేను దయ్యమైతనా? తీసెయ్," అంది.

"మిమ్మల్నెవరూ గుర్తుపట్టరమ్మా," అని నవ్వాడు డైరెక్టర్.

"నా కోడలు గుర్తువట్టలే?" అంటూ అత్త వైరు పీకేసి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తన కళ్లెదుట ఆ సీను చెరిపేయించాకే తిరిగిచ్చింది.

"ఇక్కడివాళ్లకు కళంటే తెలియదు," అని గొణుక్కుంటూ పోయాడు.

రేపు ఉసూర్‌లో తీస్తారట. అక్కడివాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంటి ఆడవాళ్లను కాస్త వెనక్కి చూసుకుంటూ నడవమనండి.